పసివారి ఆటకు పిండిముద్ద – మేము చేసి నేర్చుకున్న పాఠం

మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు ఊరికే అనలేదు. పిల్లవాడి చేతివేళ్ళ విషయంలో కూడా ఈ మాట నిజమే. అయిదేళ్ళ లోపు బాగా కదిలిన వేళ్ళకు ఆ తరువాత పలకా బలపం బరువనిపించవు. ఈ సంగతి మేము ఏ పుస్తకంలోనూ చదివి తెలుసుకోలేదు. మా వసతి గృహం వెనుక వీధిలో ఉన్న అంగన్‌వాడీ కేంద్రంలో కళ్ళారా చూశాము. చూసినదీ, చేసినదీ, చేయడంలో మేము పొరపాటు పడినదీ ఈ వార్షికోత్సవ సంచికలో మా తోటి విద్యార్థినులతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

మేము తొమ్మిది, పదవ తరగతుల విద్యార్థినులం. రెండవ శనివారం సెలవునాడు అంగన్‌వాడీకి వెళ్ళి పిల్లలతో పాటలు పాడించడం మాకు అలవాటు. అక్కడ నాలుగేళ్ళ బాబు ఒకడు ఉన్నాడు. బలపం ఇస్తే రోకలి పట్టినట్లు పిడికిటితో పట్టేవాడు. గీత రాకపోతే బలపం విసిరేసి మూలకు పోయి కూర్చునేవాడు. "వాడికి తెలివి లేక కాదమ్మా, వేళ్ళలో బలం లేక. ముందు ముద్దలు పిసకాలి, చిన్న చిన్న ఉండలు చేయాలి. రాత ఆ తరువాత" అని అంగన్‌వాడీ టీచరమ్మ చెప్పింది. బజారులో రంగురంగుల ముద్దల డబ్బాలు ఉన్నాయి గానీ పాతికమంది పిల్లలకు కొనాలంటే మాటలు కాదు. మనమే చేద్దామని అనుకున్నాము. మా కాస్మెటిక్ చార్జీల నుండి తలా రెండు రూపాయలు వేసుకుని మైదా కొన్నాము.

వంట పెద్దమ్మ అడిగిన ప్రశ్న

పిండి కలపడానికి గిన్నె అడిగితే మా వంట పెద్దమ్మకు కోపం వచ్చింది. "తినే పిండిని ఆటకు వెట్టుకుంటరా బిడ్డా? పిరికెడు పిండి లేక పొయ్యి ముట్టియ్యని దినాలు చూసిన నేను" అన్నది. మేము ఏమీ మాట్లాడలేకపోయాము. మాలో చాలామందిమి అలాంటి ఇళ్ళ నుండి వచ్చినవాళ్ళమే. ఆ రాత్రి ఈ విషయం మీద చాలాసేపు మాట్లాడుకున్నాము. చివరికి ఒక నియమం పెట్టుకున్నాము. తినడానికి పనికివచ్చే పిండిని ఆటకు వాడరాదు. కిరాణా కొట్టులో పాతబడి, పురుగు పట్టి, అమ్ముడుపోక మిగిలిన మైదాను అడిగి తెచ్చుకోవాలి. దానిని జల్లించి వాడుకోవాలి. బూజు పట్టిన పిండి మాత్రం ఆటకు కూడా పనికిరాదు.

కానీ మా మొదటి ప్రయత్నం అప్పటికే జరిగిపోయింది. కొన్న మైదాలో చన్నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి చపాతీ పిండిలాగా కలిపి ఇచ్చాము. అది జూలై నెల, ముసురు పట్టి ఉంది. బుధవారం నాటికి ముద్దల మీద నల్లని, పచ్చని బూజు, పులిసిన వాసన. టీచరమ్మ అంతా పారేసింది. పెద్దమ్మ మాట నిజమైనందుకు మాకు చాలా సిగ్గు వేసింది.

మరుసటిసారి పెద్దమ్మే దారి చూపింది. "జొన్నరొట్టె పిండి ఎట్ల తడుపుతం? ఉడుకునీళ్ళు పోస్తెనే కదా సాగుతది! ఊరగాయకు ఉప్పు తక్కువైతె ఏమైతది?" అన్నది. ఈ రెండు ప్రశ్నలలోనే మొత్తం శాస్త్రం ఉందని తరువాత మా సైన్సు పాఠాలతో పోల్చి చూసుకుంటే అర్థమైంది.

కావలసిన వస్తువులు

మైదా – పావు కిలో
ఉప్పు – 150 గ్రాములు
నీళ్ళు – 450 మిల్లీలీటర్లు
వంటనూనె – రెండు పెద్ద చెంచాలు
నిమ్మరసం – ఒక పెద్ద చెంచా
రంగుకు – పసుపు లేదా బీట్‌రూట్ రసం లేదా పాలకూర రసం

తయారు చేయు విధానము

ముందుగా స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి ఉప్పు పూర్తిగా కరిగించవలెను. కళ్ళుప్పు అయితే కరిగాక వడకట్టుకోవలెను. అల్యూమినియం గిన్నె వాడరాదు, ఉప్పూ పులుపూ కలిసి దానిని తినివేస్తాయి. ఈ నీళ్ళలో నూనె, నిమ్మరసం, రంగు కలిపి, మైదాను కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు కట్టకుండా కలపవలెను. కూరగాయల రసం వాడితే అంత మేరకు నీళ్ళు తగ్గించుకోవాలి. తరువాత సన్నని సెగ మీద పెట్టి అడుగంటకుండా తిప్పుతూ ఉండాలి. మొదట జావలాగా, తరువాత హల్వాలాగా చిక్కబడుతుంది. గిన్నె అంచులను వదిలి ఒకే ముద్దగా వచ్చినప్పుడు దించవలెను. పళ్ళెంలో వేసి, తడిబట్ట కప్పి, చెయ్యి పట్టగలిగేంత చల్లారాక అయిదు నిమిషాలు బాగా మర్దించాలి. చేతికి అంటుకుంటే కొంచెం పొడిపిండి, పగులుతుంటే కొంచెం నూనె రాసుకోవాలి. పొయ్యి దగ్గరి పని పెద్దవారే చేయాలి. మాకు వంట పెద్దమ్మ చేసి పెట్టింది.

ఈ ముద్దను గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో ఉంచితే కొన్ని వారాలు మెత్తగా ఉంటుంది. వాసన మారినా, బూజు చుక్క కనబడినా ఆలోచించకుండా పారవేయాలి.

ఏది ఎందుకు వేస్తున్నాము?

మైదా: గోధుమలో ఉన్న మాంసకృత్తులు నీటితో కలిసినప్పుడు గ్లూటెన్ అనే సాగే పదార్థం ఏర్పడుతుంది. చిన్న పరీక్ష చేసి చూడండి. మైదా ముద్దను నీళ్ళలో పిసికి కడుగుతూ పోతే తెల్లని పిండిపదార్థం నీళ్ళలో కలిసిపోయి, చేతిలో రబ్బరులాంటి జిగురు మిగులుతుంది. అదే గ్లూటెన్. జొన్నలో, బియ్యంలో ఇది లేదు కనుకనే ఆ పిండి చన్నీళ్ళతో కలిపితే విరిగిపోతుంది.

వేడి: పిండిపదార్థపు రేణువులు వేడి నీటిలో నీరు పీల్చుకుని ఉబ్బి జిగటగా మారతాయి. గంజి చిక్కబడేది ఇందువల్లనే. ఉడుకునీళ్ళతో తడిపిన జొన్నపిండి రొట్టెగా సాగేది కూడా ఇందువల్లనే. గోధుమ పడని పిల్లలు ఉంటే మైదాకు బదులు బియ్యప్పిండితో ఇదే పద్ధతిలో చేయవచ్చును, కాకపోతే అది కొంచెం త్వరగా పగులుతుంది.

ఉప్పు: బూజుకు నీరు కావాలి. ఎక్కువ ఉప్పు ఉన్నచోట బూజు కణాలలోని నీరు బయటికి లాగబడుతుంది. దీనినే ద్రవాభిసరణం అని మనం చదువుకున్నాము. ఆవకాయ ఏడాది నిలువ ఉండడానికి ఉప్పు ఒక ముఖ్య కారణం. అయితే ఉప్పు గాలిలోని చెమ్మను కూడా పీలుస్తుంది. అందుకే వానాకాలంలో మూత తీసి ఉంచితే ముద్ద జిగురుగా మారుతుంది.

నూనె, నిమ్మరసం: నూనె వల్ల ముద్ద చేతికి అంటదు, త్వరగా ఎండదు. నిమ్మరసంలోని ఆమ్లం ముద్దను మెత్తగా ఉంచడానికి తోడ్పడుతుంది. పసుపు రంగు కూడా మారకుండా ఉంటుంది. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని పారాణి చూసిన వారందరికీ తెలుసు. కానీ సున్నం చర్మాన్ని కాలుస్తుంది కనుక ఎరుపు కోసం దానిని ఎన్నడూ కలుపరాదు. హోళీ రంగులు కూడా వద్దు.

మేము చేసిన పెద్ద పొరపాటు

ఆగస్టులో కొత్త ముద్దలు తీసుకుని వెళ్ళాము. పిల్లలు ఎగబడ్డారు. ఏం చేయాలో వాళ్ళకు తోచడం లేదని మేమే "రొట్టెలు చేయండి, లడ్డూలు చేయండి" అన్నాము. మూలన కూర్చునే బాబు కూడా వచ్చాడు. చాలాసేపు తట్టి తట్టి గుండ్రని రొట్టె చేశాడు. మేము మెచ్చుకున్నాము. అటు తిరిగి ఇటు చూసేసరికి సగం రొట్టె వాడి నోట్లో ఉంది.

ఉప్పగా ఉంటుంది కదా, వాళ్ళే ఉమ్మేస్తారులే అని మేము అనుకుంటూ ఉన్నాము. వాడు ఉమ్మలేదు. మొహం వికారంగా పెట్టి నములుతూనే ఉన్నాడు. రొట్టె అని చెప్పింది మేమే కదా! టీచరమ్మ పరుగున వచ్చి నోట్లోది తీయించి, పుక్కిలింపజేసి, నీళ్ళు తాగించి, సాయంత్రం వరకు పక్కనే కూర్చోబెట్టుకుంది. మింగింది కొంచెమే కాబట్టి వాడికి ఏమీ కాలేదు. మాలో ఒకరిద్దరికి మాత్రం ఏడుపు వచ్చింది.

ఆ రాత్రి లెక్క వేశాము. ఉడికాక ముద్ద బరువు సుమారు 800 గ్రాములు. అందులో ఉప్పు 150 గ్రాములు. అంటే 30 గ్రాముల చిన్న ముద్దలో అయిదున్నర గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. పెద్దవారు రోజు మొత్తానికి 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే పెద్దవారి ఒకరోజు ఉప్పు కంటే ఎక్కువ ఆ చిన్న ముద్దలోనే ఉంది. ఒక్కసారిగా ఎక్కువ ఉప్పు లోపలికి పోతే రక్తంలో సోడియం పెరిగి, మెదడుకు కూడా ప్రమాదం కలుగుతుంది. 'ఇంట్లో చేసినది, అన్నీ తినే వస్తువులే, కాబట్టి భయం లేదు' అనుకోవడం తప్పని మాకు తెలిసివచ్చింది.

తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

1. ముద్దతో తినుబండారాల ఆకారాలు చేయించకూడదు. తీపి వాసన వచ్చే ఎసెన్సులు, రస్నా పొడి వంటివి కలుపకూడదు.

2. ఆడుతున్నంతసేపూ ఒక పెద్దవారు పక్కనే కూర్చోవాలి. ప్రతిదీ నోట్లో పెట్టుకునే మూడేళ్ళ లోపు పిల్లలకు దీనిని ఇవ్వకపోవడమే మేలు. గొంతులో ఇరుక్కునే గింజలు, పూసలు అసలే ఇవ్వరాదు.

3. పిల్లవాడు ముద్ద నోట్లో పెట్టుకుంటే తీసివేసి, నోరు కడిగి, మంచినీళ్ళు తాగించాలి. వాంతి చేయించడానికి ఉప్పునీళ్ళు తాగించడం చాలా ప్రమాదం. ఎక్కువ మింగినా, వాంతులైనా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అవసరమైతే 108కి ఫోను చేయాలి.

4. చేతులకు గజ్జి, కురుపులు, తెగిన గాయాలు ఉన్న పిల్లలకు ఉప్పు మండుతుంది. తగ్గేవరకు ఇవ్వరాదు.

5. ఆటకు ముందూ తరువాతా సబ్బుతో చేతులు కడిగించాలి. ఎవరి ముద్ద వారికే ఉండాలి.

6. కుక్కలకు, కోళ్ళకు అందేచోట పారవేయరాదు. కుక్కలు తింటే వాటికీ ప్రాణాపాయమే.

పిండి లేకపోతే బంకమట్టి

చెరువు మట్టితో ఎడ్లను, బండిని చేసి ఆడుకోని పల్లెటూరి పిల్లలు ఉండరు. పిండి దొరకనిచోట అదే ఉత్తమం. మురుగు, మలమూత్రాలు చేరని చోటి నుండి మట్టి తెచ్చి, ఎండబెట్టి, దంచి, జల్లించి, ఒక రాత్రి నానబెట్టి, పైనీరు వంచేసి, బట్టలో వడకట్టి పిసికితే చక్కని ముద్ద అవుతుంది. తడిగుడ్డ చుట్టి ఉంచాలి. మట్టిలో నులిపురుగుల గుడ్లు ఉండవచ్చు కనుక చేతులు కడగడం ఇక్కడ మరీ ముఖ్యం. పదేపదే మట్టి తినే పిల్లలకు రక్తహీనత ఉండే అవకాశం ఉంది. అటువంటి వారిని కొట్టకుండా డాక్టరుకు చూపించాలి.

ఇటువంటి ముద్దల వెనుక చరిత్ర కూడా ఉంది. ఇంగ్లండులోని బాత్ నగరంలో విలియం హార్బట్ అనే చిత్రకళా ఉపాధ్యాయుడు 1897లో ఎండిపోని మట్టి 'ప్లాస్టిసిన్'ను తయారు చేశాడు. అమెరికాలో సిన్సినాటి నగరపు కంపెనీ ఒకటి గోడ కాగితాలకు పట్టిన మసిని తుడిచే పిండిముద్దను అమ్మేది. దానితో పిల్లల చేత బొమ్మలు చేయించవచ్చని కే జూఫాల్ అనే నర్సరీ ఉపాధ్యాయిని గుర్తించడంతో 1956లో అది 'ప్లే-డో'గా బజారులోకి వచ్చింది. మన కొండపల్లి కళాకారులు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన 'మక్కు' అనే ముద్దతో పొణికి కర్ర బొమ్మల భాగాలను అతికిస్తారు. చేతిలో ఉన్నదానితో కావలసినది చేసుకోవడం మనకు కొత్త విద్య కాదు.

ఆటలో అక్షరం

పిడికిటితో పిసకడం, అరచేతుల మధ్య ఉండ చేయడం, పాములాగా పొడవుగా పామడం, బొటనవేలు చూపుడువేలు కలిపి గిల్లడం – ఈ వరుసలో ఆడిస్తే బలపం పట్టే మూడు వేళ్ళకు బలం వస్తుంది. పొడవు పాములను వంచి 'ర', 'ట', 'గ' అక్షరాలు చేయవచ్చు. చిన్నది, పెద్దది, బరువు, తేలిక, అయిదు ఉండలలో రెండు తీస్తే ఎన్ని – ఇవన్నీ ముద్దతోనే నేర్పవచ్చును. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా మూడు నుండి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఆటల ద్వారానే చదువు చెప్పాలని అంటున్నది.

మా బాబు సంగతి చెప్పాలి కదా! ఇప్పుడు వాడు రొట్టెలు చేయడం లేదు. డిసెంబరు నెల రెండవ శనివారం మేము వెళ్ళేసరికి పాము చేసి, దానిని వంచి, సున్నా చుట్టి, పక్కన బలపంతో పలక మీద కూడా సున్నా గీశాడు. గీత వణికింది, కానీ బలపం మూడు వేళ్ళ మధ్యనే ఉంది. మేము చప్పట్లు కొట్టాము. తిరిగి వచ్చి వంట పెద్దమ్మకు చెబితే, "గట్లనా!" అని నవ్వి, "అయితె ఆ పాత పిండి ఇంక తెచ్చుకోపోర్రి, ఉడకబెట్టిస్త" అన్నది.

తోటి విద్యార్థినులారా! సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు మీ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక ముద్ద చేసి ఇవ్వండి. ఇచ్చి వదిలివేయకుండా పక్కనే కూర్చోండి. మేము పడిన పొరపాటు మీరు పడవద్దనే ఈ నాలుగు మాటలు రాశాము.