ఇంగ్లీషు మాటలు – లాటిన్ ధాతువులు

పదో తరగతి దాకా తెలుగులో చదువుకొని డిగ్రీలో చేరిన మాబోటివాళ్ళకు సైన్సు కష్టం కాదు, సైన్సు చెప్పే మాటలు కష్టం. 2021–22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లీషు మాధ్యమంలోకి మారింది గదా! వానపామును మేము చేలో రోజూ చూస్తూనే ఉంటాం. కాని దాన్ని వర్ణించే పేజీలో సగం మాటలు తెలియకపోతే ఆ పరిచయం పరీక్షలో అక్కరకు రాదు. అత్తిలి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన రైతుబిడ్డల్లో ఈ మాటలకు జడిసి వెనక బెంచీ చేరినవారిని నేనెరుగుదును. ముఖ్యంగా వాళ్ళ కోసమే ఈ వ్యాసం.

నిఘంటువు బట్టీ పట్టమని నేను చెప్పను. అసలు కిటుకు మన తెలుగు వాచకంలోనే ఉంది. 'హృ' అన్న ఒక్క ధాతువుకు ముందు ఉపసర్గ మారితే ఆహారం, విహారం, సంహారం, పరిహారం అవుతుందని చదువుకున్నాం. ఇంగ్లీషులో లాటిన్ మాటలదీ ఇదే పద్ధతి. 'పోర్ట్' అంటే మోయడం. లోపలికి మోస్తే ఇంపోర్టు, బయటికి మోస్తే ఎక్స్‌పోర్టు, అవతలికి మోస్తే ట్రాన్స్‌పోర్టు, కబురు వెనక్కి మోసుకొస్తే రిపోర్టు.

తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, మాటలు మాత్రం విరివిగా తెచ్చుకుందనీ ఎల్లిస్ దొర 1816లో మద్రాసులో నిరూపించాడు. ఇంగ్లీషు కథా అంతే. పుట్టుక జర్మానిక్ కుటుంబంలో, పెద్ద పెద్ద మాటలు లాటిన్ నుంచి. పైగా సంస్కృతానికీ లాటిన్‌కూ మూలం ఒకటే అయి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రసంగించాడు. అంచేత దంతం తెలిసినవాడికి డెంటిస్టు, అగ్ని తెలిసినవాడికి ఇగ్నిషన్, మృత్యువు తెలిసినవాడికి మార్చురీ సగం వచ్చేసినట్లే.

మా జువాలజీ లాబుకు వద్దాం. 'సెక్' అంటే కోయడం. సెక్షన్, డిసెక్షన్, బైసెక్ట్ అన్నీ దాని సంతానమే. ఇన్‌సెక్ట్ కూడా! ఒళ్ళు కోసి గంట్లు పెట్టినట్టు ఉంటుంది కనుక పురుగుకు ఆ పేరు. ఇక 'సైడ్' తోకగా వస్తే చంపేదని అర్థం. ఓ సార్వాలో నాన్న ఒకే రంగు డబ్బాలు రెండు తెచ్చి, "పురుగుది ఏదిరా?" అని అడిగారు. పెద్దక్షరాలన్నీ ఇంగ్లీషే. ఒకటి ఇన్‌సెక్టిసైడ్, రెండోది హెర్బిసైడ్. 'హెర్బా' అంటే గడ్డి, మొక్క. పురుగుమందనుకొని ఆ రెండోది ఆకుమడి మీద కొడితే ఆ ఏటికి ఊడ్పులు ఉండేవి కావు.

అయితే ఒక జాగ్రత్త. ఇన్‌విజిబుల్‌లో 'ఇన్' అంటే కానిది. దాన్ని చూసి ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిది అనుకొనేరు! అక్కడి 'ఇన్' వేరు. ఆ సీసా దీపం దగ్గర పెట్టకండి.

నాకు మహా సరదా అయినవి మాత్రం సేద్యం మాటలు. ఒరైజా సటైవాలో 'సటైవా' అంటే విత్తి పెంచినది. దోసకాయ కుకుమిస్ సటైవస్, వెల్లుల్లి ఆలియం సటైవం. 'సెమెన్' అంటే విత్తనం, సెమినేరియం అంటే మన ఆకుమడి. సెమినార్ అక్కడి నుంచే వచ్చింది. 'లీరా' అంటే నాగటి చాలు. చాలు తప్పి దున్నడం లోంచి పుట్టిన మాట డెలీరియం, అంటే జ్వరంలో సంధి ప్రేలాపన. 'రైవస్' అంటే ఏరు, కాలువ. ఒకే కాలువ నీళ్ళు వాడుకొనేవాళ్ళు రైవల్స్! దాళ్వాలో అత్తిలి కాలువకు వంతులవారీ నీళ్ళు వదిలినప్పుడు, శివారు రైతులు ఎగువవాళ్ళ ననే మాటలు విన్నవారికి దీని అర్థం వేరే చెప్పనక్కర్లేదు. నాన్నకు చెబితే, "అయితే ఆ దేశంలోనూ రాత్రిళ్ళు గండ్లు కొట్టేవారన్నమాట" అన్నారు.

రోజుకో ధాతువు, దాని కింద దొరికినన్ని మాటలు నోటుబుక్కులో రాసుకుంటే చాలు. కౌ, ఈట్, సీడ్ లాంటి చిన్న మాటలకు మాత్రం ఈ కిటుకు పనిచేయదు. అవి ఇంగ్లీషు సొంత మాటలు, వాడగా వాడగా రావలసిందే.