నోటి చుట్టూ ఏర్పడే గీతలు: కారణాలు, చికిత్సలు

ముఖంలో విశ్రాంతి ఎరుగని భాగం నోరు. మాట, నవ్వు, భోజనం, అలుక అన్నీ దాని మీదనే జరుగుతాయి. అందువల్ల వయస్సు తొలిసారి తన గుర్తులు వేసే చోట్లలో అదీ ఒకటి. ఆ గుర్తులను తెలుగులో ముడుతలంటాం; ఉర్దూలో ఝుర్రియాఁ అంటారు. రెండు భాషల్లోనూ సామాన్య వ్యవహారానికి ఈ ఒక్క మాట చాలు. వైద్యశాస్త్రానికి మాత్రం చాలదు. నోటి చుట్టూ కనిపించే గీతలన్నీ ఒకే జాతివి కావు. కొన్ని చర్మంలో పుడతాయి, కొన్ని కండరంలో, కొన్ని క్రొవ్వులో, మరికొన్ని ఎముకలో, పంటిలో. ఏ గీత ఏ పొరలో పుట్టిందో తెలుసుకోకుండా చేసే చికిత్స వ్యర్థమవుతుంది. ఒక్కొక్కసారి అపాయకరమూ అవుతుంది.

ఈ విషయం కళాశాల పత్రికకు తగినదా అని కొందరికి సందేహం కలుగవచ్చు. నేడు మన పట్టణాల్లో సూదిమందుతో ముఖాన్ని సరిదిద్దుతామనే ప్రకటనలు వీధివీధినా కనిపిస్తున్నాయి. పెళ్ళి కుదిరిన యువతులూ, ఉద్యోగపు ఇంటర్వ్యూలకు వెళ్ళే యువకులూ వాటిని చదువుతున్నారు. కనుక ఆ సూది ఎక్కడికి వెళుతుందో, ఏమి చేస్తుందో శాస్త్రరీత్యా తెలుసుకొనడం విద్యార్థులకు అవసరమే.

ముందుగా గీతలను గుర్తుపట్టడం నేర్చుకుందాం. ముక్కు ప్రక్క నుండి పెదవి కొస వరకు ఏటవాలుగా దిగేది నవ్వుగీత. ఇది చిన్నపిల్లలకు కూడా నవ్వినప్పుడు కనిపిస్తుంది. అది వ్యాధి కాదు, ముఖ నిర్మాణంలో భాగం. పెదవి కొస నుండి గడ్డం వైపుకు దిగేవాటిని పాశ్చాత్యులు మేరియోనెట్ గీతలంటారు. మేరియోనెట్ అంటే కీలుబొమ్మ. కదిలే దవడ కోసం ఆ బొమ్మ నోటికి రెండు వైపులా చీలిక పెడతారు. పోలిక అక్కడి నుండి వచ్చింది. పైపెదవి మీద నిలువుగా వచ్చే సన్నని గీతలు మూడవ రకం.

ఈ నిలువు గీతల పుట్టుక చూడదగినది. శరీరంలో చాలా కండరాలు ఎముక నుండి ఎముకకు కట్టి ఉంటాయి. ముఖ కండరాలు అట్లా కాదు; వాటి కొసలు చర్మంలోనే అతుక్కొని ఉంటాయి. అందుకే కండరం ముడుచుకున్నప్పుడల్లా పై చర్మం మడత పడుతుంది. మడత ఎప్పుడూ కండర తంతువులకు అడ్డంగా పడుతుంది. నోటి చుట్టూ ఉన్న ఆర్బిక్యులారిస్ ఓరిస్ కండరం వలయాకారంగా ఉంటుంది కనుక గీతలు సూర్యకిరణాల వలె బయటికి విచ్చుకుంటాయి. వక్కాకు పెట్టుకునే బటువా తాడు లాగితే దాని మూతి ఎట్లా కుచ్చులు పడుతుందో, ఇదీ అంతే. పురుషులకు పైపెదవి చర్మంలో మీసపు కుదుళ్ళూ, తైలగ్రంథులూ దట్టంగా ఉంటాయి కనుక ఈ గీతలు వారికి తక్కువ. సిగరెట్టు త్రాగేవారికి ఎక్కువ. పెదవులు మాటిమాటికీ బిగించడం ఒక కారణం. పొగాకు చర్మంలోని కొల్లాజెన్‌ను దెబ్బతీయడం మరొక కారణం. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు స్త్రీలు చుట్ట వెలిగించిన కొసను నోటిలో ఉంచి త్రాగే అలవాటును అడ్డపొగ అంటారు. వారి విషయంలో గీతల మాట చాలా చిన్నది. అంగిటి క్యాన్సర్ పెద్దది.

కొల్లాజెన్ అన్నాం. బాహ్యచర్మం క్రింద ఉండే అంతశ్చర్మానికి బలాన్నిచ్చే ప్రోటీను ఇదే. సాగి మళ్ళీ యథాస్థితికి వచ్చే గుణాన్ని ఎలాస్టిన్ ఇస్తుంది. యౌవనం దాటిన తరువాత కొల్లాజెన్ ఏడాదికి సుమారు ఒక శాతం తగ్గుతుందని అంచనా. స్త్రీలలో ఋతుక్రమం ఆగిన తరువాతి ఐదేళ్ళలో ఈ తగ్గుదల మరింత వేగంగా ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ తంతువులను తెగగొట్టే ఎంజైములను ప్రేరేపిస్తాయి. వాటిలో ‘ఎ’ రకం కిరణాలు కిటికీ అద్దం గుండా కూడా వస్తాయి.

ఇక లోతు పొరలు. ముఖంలోని క్రొవ్వు ఒకే ముద్దగా ఉండదని, గదులు గదులుగా విభజింపబడి ఉంటుందని రోరిక్, పెస్సా అనే వైద్యులు మృతదేహాలలో రంగుద్రవం ఎక్కించి 2007లో నిరూపించారు. వయస్సుతో కొన్ని గదులు కుంచించుకుపోతాయి, కొన్ని క్రిందికి జారుతాయి. చెంప జారి నవ్వుగీత మీద వాలినప్పుడు ఆ గీత లోతుగా కనిపిస్తుంది. తప్పు గీతలో లేదు, పైనున్న చెంపలో ఉన్నది. దవడ ఎముక కూడా అరుగుతుంది. పళ్ళు ఊడితే ఆ అరుగుదల వేగం పుంజుకుంటుంది. పెదవికి వెనుక ఆధారం పోయి నోరు లోపలికి కుంగుతుంది. బోసినోటి ముసలివారి ముఖాన కనిపించే గీతలలో సగం చర్మానివి కావు. సరిగా అమర్చిన కట్టుడు పళ్ళు పెట్టిన రోజే అవి చాలావరకు తగ్గడం మన ఇళ్ళల్లో చూస్తూనే ఉంటాం. ఏ సౌందర్య చికిత్సాలయమూ దీనిని ప్రకటించదు.

యువకుల విషయంలో మరొకటి చెప్పక తప్పదు. ఇరవై, పాతిక సంవత్సరాల వయస్సులో బుగ్గలు బిగుసుకొని, పెదవులు పలుచనై, నోటి ప్రక్కల గట్టి మడతలు పడితే అది వార్ధక్యం కాదు. వక్క, గుట్కా నమిలేవారిలో బుగ్గ లోపలి పొర నారకట్టిపోయే ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే వ్యాధి వస్తుంది. నోరు పూర్తిగా తెరిచి, తన చేతి మూడు వ్రేళ్ళను నిలువుగా పళ్ళ మధ్య ఉంచుకోగలగాలి. అవి పట్టకపోయినా, కారం తగిలితే నోరు మండినా వెంటనే దంతవైద్యుని వద్దకు వెళ్ళాలి. ఈ వ్యాధి కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. అట్టి ముఖానికి పైన ఏ లేపనం పూసినా ప్రయోజనం లేదు.

చికిత్సలలో మొదటిది నివారణ. ఆస్ట్రేలియాలోని నాంబూర్ పట్టణంలో 900 మందికి పైగా పెద్దలపై నాలుగున్నర సంవత్సరాలు జరిపిన పరిశోధన ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ప్రతిదినం సన్‌స్క్రీన్ లేపనం వాడినవారిలో, ఇష్టానుసారం వాడినవారితో పోలిస్తే, చర్మ వార్ధక్యం స్పష్టంగా తక్కువగా ఉన్నది. ఇంత గట్టి ఆధారం ఉన్న సౌందర్య సాధనాలు అరుదు.

లేపనాలలో ట్రెటినాయిన్ ముఖ్యమైనది. ఇది ‘ఎ’ విటమిన్ సంబంధి. మొటిమల మందుగా మొదలైన దీనికి సన్నని గీతలను తగ్గించే గుణం ఉన్నదని అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్మన్, ఆయన సహచరులు 1986లో ప్రకటించారు. రాత్రిపూట కొద్దిగా పూయాలి. ఫలితానికి నెలలు పడుతుంది. మొదట చర్మం ఎర్రబడి పొట్టు రేగుతుంది. గర్భవతులు వాడరాదు. పైపెదవి సన్నని గీతలకు ఇది పనికివస్తుంది గాని, లోతైన మడతలను చెరపలేదు. ప్రసంగవశాత్తు ఒక మాట: ఈ క్లిగ్మన్ గారే ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ కారాగారంలో 1974 వరకు ఖైదీల చర్మంపై ప్రయోగాలు నడిపినవారు. మనం పూసుకునే లేపనాల చరిత్రలో ఆ ఖైదీల వీపులు కూడా ఉన్నాయి.

లేపనాల పేరిట దుకాణాల్లో అమ్మే స్టెరాయిడ్ క్రీములు వేరు. అవి కొన్నాళ్ళు నునుపునూ, తెలుపునూ చూపి, తరువాత చర్మాన్ని పలుచన చేస్తాయి. నోటి చుట్టూ ఎర్రని పొక్కులు తెస్తాయి. వైద్యుని చీటీ లేకుండా ఇటువంటి అనేక క్రీములను అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన విధించింది. అయినా అమ్మకం ఆగలేదు.

బొటులినమ్ విషం కథ వేరొక పాఠం. జర్మనీలో పాడైన మాంసపు సాసేజీలు తిని జనం మరణించగా, జస్టినస్ కెర్నర్ అనే వైద్యకవి 1820 ప్రాంతంలో ఆ విషాన్ని వర్ణించాడు. దానిని మెల్లకన్ను సరిచేయడానికి శాన్‌ఫ్రాన్సిస్కో నేత్రవైద్యుడు అలన్ స్కాట్ ఉపయోగించాడు. 1987లో కెనడా వైద్యురాలు జీన్ కరూథర్స్ వద్ద కంటి చికిత్స పొందిన ఒకామె, తన కనుబొమల మధ్య గీతలు కూడా పోయాయన్నది. సౌందర్య చికిత్స అక్కడ మొదలయింది. నాడి కొసల నుండి ఎసిటైల్‌కోలిన్ విడుదల కాకుండా ఈ విషం అడ్డుకుంటుంది. కండరం మూడు, నాలుగు నెలలు సడలి ఉంటుంది. నుదుటి మీద ఇది సులువు. నోటి వద్ద కాదు. పెదవి కొసను క్రిందికి లాగే కండరానికి కొద్ది మోతాదు ఇస్తే కొస కాస్త లేస్తుంది. కాని వలయ కండరానికి మోతాదు మించితే నీళ్ళు పుక్కిలించడం, ఈల వేయడం కష్టమవుతాయి. వ్యాకరణంలో మనం చదివిన ఓష్ఠ్యాలు ప, ఫ, బ, భ, మ తడబడతాయి. పాడేవారూ, పాఠాలు చెప్పేవారూ ఈ చికిత్సకు తొందరపడకుండా ఉండడం మంచిదని నా అభిప్రాయం.

ఎక్కువ వివరించవలసినది పూరకాల సంగతి, ఆంగ్లంలో ఫిల్లర్లు. గుంటపడిన చోట ఏదైనా నింపితే గీత పోతుందన్నది పాత ఆలోచనే. 1899లో వియన్నాలో గెర్సునీ అనే శస్త్రవైద్యుడు పారఫిన్ ఎక్కించడం మొదలుపెట్టాడు. అది కొన్నేళ్ళకు గడ్డకట్టి ముఖాలను వికృతం చేసింది. 1981లో అమెరికా ఆవు చర్మపు కొల్లాజెన్‌ను అనుమతించింది. కొందరికి అది సరిపడక ముందుగా ముంజేతి మీద పరీక్ష చేయవలసి వచ్చేది. ఇప్పుడు విరివిగా వాడేది హైలురానిక్ ఆమ్లం. దీనిని 1934లో మేయర్, పామర్ అనేవారు ఆవు కంటిలోని ద్రవం నుండి వేరుచేశారు. ఇది నీటిని పట్టి ఉంచే పదార్థం. మన చర్మంలో సహజంగానే ఉన్నది. దాని అణువులను ఒకదానితో ఒకటి ముడివేసి జెల్లుగా చేస్తే ఆరు నెలల నుండి సంవత్సరం పైబడి నిలుస్తుంది. నవ్వుగీతలకు 2003లో అమెరికాలో అనుమతి లభించింది. దీని గొప్ప సుగుణం, తప్పు జరిగితే హైలురానిడేజ్ అనే ఎంజైముతో కరిగించవచ్చు. పారఫిన్‌కూ, ద్రవ సిలికోన్‌కూ ఆ విరుగుడు లేదు.

ఇప్పుడు అపాయం. దవడ ఎముక క్రింది అంచున, పళ్ళు బిగించినప్పుడు ఉబికే కండరానికి కాస్త ముందు వ్రేలు మెల్లగా ఉంచి చూడండి, నాడి కొట్టుకుంటుంది. అది ముఖధమని. అక్కడి నుండి పెదవి కొస ప్రక్కగా, నవ్వుగీత వెంబడి ప్రాకి, ముక్కు ప్రక్కన కంటి మూల వరకు పోయి నేత్రధమని శాఖలతో కలుస్తుంది. గీత ఉన్న దారీ, ధమని ఉన్న దారీ దాదాపు ఒకటే. సూది మొన ధమనిలోకి పోయి జెల్లు దానిని మూసివేస్తే ఆ భాగపు చర్మం మాడిపోతుంది. ఒత్తిడికి జెల్లు వెనుకకు పోయి కంటి నాళంలో చేరితే చూపు పోతుంది. రెటీనా రక్తం లేకుండా గంట, గంటన్నరకు మించి నిలువదు. ఇట్టి ఘటనలు అరుదే. కాని జరిగినప్పుడు గడియల్లో గుర్తించాలి: హఠాత్తుగా నొప్పి, చర్మం తెల్లబారడం, వలవంటి నీలిమచ్చలు. ఈ ధమని దారి తెలిసిన, విరుగుడు ఎంజైము చేతిలో ఉన్న రిజిస్టర్డ్ చర్మవైద్యుడు గాని, ప్లాస్టిక్ సర్జన్ గాని తప్ప ఈ సూది పట్టరాదు. అలంకరణశాలలో తక్కువ ధరకు దొరికే సూదిలో ఏ పదార్థం ఉన్నదో అడిగే హక్కు ప్రతివారికీ ఉన్నది; సీసా మీది పేరు చదివిన తరువాతే కుర్చీలో కూర్చోవాలి.

పై పొరను తొలగించి క్రొత్త చర్మాన్ని రప్పించే పద్ధతులు రెండు: రసాయనాలతో పొర ఊడదీయడం, లేజరు. ఫినాల్ ద్రావణం పైపెదవి గీతలపై బలంగా పనిచేస్తుంది; కాని రక్తంలోకి ఇంకి గుండె లయను చెదరగొట్టగలదు కనుక గుండెను కనిపెడుతూ చేయవలసి ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ లేజరును 1964లో కనుగొన్నది మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ అని మన విద్యార్థులు గుర్తుంచుకోవచ్చు. చర్మమంతా కాల్చక, సూక్ష్మబిందువులుగా మాత్రమే తాకి మధ్య చర్మాన్ని మిగిల్చే పద్ధతి 2004 నుండి వచ్చింది. ఈ పద్ధతులు ముందుగా తెల్లని చర్మంపై రూపొందినవి. చర్మపు రంగును ఆరు తరగతులుగా విభజించే ఫిట్జ్‌పాట్రిక్ కొలమానంలో మనవారిలో అధికులు నాలుగు, ఐదు తరగతుల వారు. మన చర్మం గాయానికి నల్లమచ్చతో బదులిస్తుంది. ఆ మచ్చ నెలల తరబడి ఉంటుంది. పెళ్ళికి వారం ముందు ఇటువంటి చికిత్స చేయించుకొనరాదు.

జారిన చెంపలకూ, మేరియోనెట్ గీతలకూ శస్త్రచికిత్స ఒక మార్గం. చర్మం క్రింద కండరాలను కలిపే పలుచని పొరను 1976లో ఫ్రెంచి వైద్యులు మిట్జ్, పెయ్రోనీ వర్ణించిన తరువాత, చర్మాన్ని మాత్రమే లాగికుట్టే పాత పద్ధతి మారి, ఆ పొరను బిగించే పద్ధతి వచ్చింది. దీనివల్ల పైపెదవి నిలువు గీతలు మాత్రం పోవు. పొగ త్రాగేవారిని శస్త్రచికిత్సకు కొన్ని వారాల ముందే మానమని వైద్యులు చెబుతారు. నికోటిన్ సన్నని రక్తనాళాలను కుదించడం వల్ల, ఎత్తి కుట్టిన చర్మపు అంచు చెవి వెనుక నల్లబడి చచ్చిపోవచ్చును.