పాఠం 7: కొత్త విహార నౌకలో ఉద్యోగం – సిబ్బంది ఎంపిక, సేవా ప్రమాణాలు, మీ హక్కులు

ఈ పాఠం ఎవరి కోసం: అమెరికా రేవుల నుంచి నడిచే విహార నౌకల్లో, అంటే క్రూయిజ్ ఓడల్లో, వంట, వడ్డన, గదుల శుభ్రత, లాండ్రీ వంటి పనులకు వెళ్లదలచిన వారికి, ఇప్పటికే పనిచేస్తున్న వారికి, ఊళ్లో ఉన్న వారి కుటుంబ సభ్యులకు.

1. కొత్త ఓడకు మనుషులు ఎక్కడి నుంచి వస్తారు?

ఒక ఉదాహరణ చూడండి. రాయల్ కరీబియన్ కంపెనీ వారి ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ అనే ఓడను ఫిన్లాండ్ దేశంలోని తుర్కు పట్టణంలో కట్టారు. 2023 నవంబరులో ఓడ కంపెనీ చేతికి వచ్చింది. 2024 జనవరి 27న మయామీ నుంచి మొదటి ప్రయాణం మొదలుపెట్టింది. గదికి ఇద్దరు చొప్పున లెక్క వేస్తే 5,610 మంది ప్రయాణికులు, వారికి సేవ చేయడానికి సుమారు 2,350 మంది సిబ్బంది. చేతికి వచ్చిన రెండు నెలల్లోనే ఇంత మంది ఒక్క మాటగా పని చేయాలి.

అందరూ కొత్తవాళ్లయితే ఇది సాధ్యం కాదు. అందుకే కంపెనీలు సాధారణంగా ఇలా చేస్తాయి. ఓడ ఇంకా కడుతుండగానే ముఖ్య అధికారులను, విభాగాల పెద్దలను అక్కడికి పంపుతాయి. ఆ తర్వాత తమ పాత ఓడల్లో మంచి పేరు తెచ్చుకున్న వారిని ఎంపిక చేసి కొత్త ఓడకు మారుస్తాయి. కొందరికి అప్పుడే ప్రమోషన్ వస్తుంది. దీనివల్ల పాత ఓడల్లో ఖాళీలు ఏర్పడతాయి. మొదటిసారి చేరేవారిలో చాలామందికి పని దొరికేది ఆ ఖాళీల్లోనే. కొత్తవారిని నేరుగా కొత్త ఓడకు తీసుకోవడమూ ఉంది, కానీ వారి పక్కన అనుభవం ఉన్నవారిని ఉంచుతారు.

ఈ సంగతి మీకు ఎందుకు చెబుతున్నామంటే, కొత్త ఓడ వస్తోందన్న వార్త రాగానే మోసం చేసే ఏజెంట్లు కూడా బయలుదేరతారు. “కొత్త ఓడలో సీటు ఖాయం, ట్రైనింగు అక్కర్లేదు, ఈ వారంలో డబ్బు కట్టకపోతే సీటు పోతుంది” అంటారు. ఏ ఓడకు పంపాలన్నది కంపెనీ నిర్ణయిస్తుంది. ఆ సీటు అమ్మే అధికారం ఏ ఏజెంటుకూ లేదు.

2. ఇల్లు వదిలే ముందు

భారతదేశంలో ఓడ ఉద్యోగాలకు మనుషులను పంపే సంస్థకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన ఆర్.పి.ఎస్.ఎల్. అనే లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్న సంస్థల జాబితా ఆ డైరెక్టరేట్ వెబ్‌సైటులో ఉంటుంది. సంస్థ పేరు, లైసెన్సు నంబరు రెండూ సరిచూసుకోండి.

ఉద్యోగం ఇప్పించినందుకు మీ దగ్గర సర్వీసు చార్జీ తీసుకోకూడదు. నావికుల కార్మిక ఒప్పందం, 2006 (ఎం.ఎల్.సి.) ఈ మాట స్పష్టంగా చెబుతోంది. ఈ ఒప్పందం 2013 ఆగస్టులో అమల్లోకి వచ్చింది, భారతదేశం 2015లో ఆమోదించింది. దాని ప్రకారం పాస్‌పోర్టు, సి.డి.సి. పుస్తకం, వైద్య ధ్రువపత్రం ఖర్చులు మీ మీద పడవచ్చు. వీసా ఖర్చు మాత్రం ఓడ యజమానిదే. పొలం తాకట్టు పెట్టి, నగలు అమ్మి ఏజెంటుకు లక్షలు ఇచ్చి వెళ్లినవారు అప్పు భయంతో ఓడలో ఏ అన్యాయం జరిగినా నోరు మెదపలేరు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

ఒప్పంద పత్రం చేతికి వచ్చాక జీతం, పని గంటలు, ఎన్ని నెలలు, ఓడ పేరు చదివి, అర్థమయ్యాకే సంతకం చేయండి. టిప్పుల గురించి నోటితో చెప్పిన మాటను జీతంగా లెక్క వేసుకోవద్దు. వైద్య పరీక్షలో పాత జబ్బులు దాచవద్దు. కావాలని దాచిన జబ్బు తర్వాత బయటపడితే, చికిత్స ఖర్చు భరించాల్సిన బాధ్యత నుంచి యజమాని తప్పించుకోవచ్చు.

అమెరికా రేవుల్లో ఓడ ఎక్కేవారికి సాధారణంగా సి-1/డి వీసా ఇస్తారు. ఇది ఓడలో పనికి మాత్రమే. ఒడ్డున హోటల్లోనో దుకాణంలోనో పని చేయడానికి పనికిరాదు.

3. ఓడ కదిలే ముందు జరిగే పరీక్ష

విదేశీ జెండా ఉన్న ప్రయాణికుల ఓడ అమెరికా రేవు నుంచి ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే ముందు అమెరికా కోస్ట్ గార్డ్ తనిఖీ చేస్తుంది. అగ్నిప్రమాదం వస్తే ఏం చేస్తారో, ఓడ ఎలా ఖాళీ చేస్తారో సిబ్బంది చేసి చూపాలి. కొత్త ఓడ మొదటిసారి బయలుదేరే ముందు ఈ డ్రిల్లులు జరిపి తీరాలన్నది అంతర్జాతీయ నియమం కూడా.

“నేను ప్లేట్లు కడిగేవాణ్ని, నాకెందుకు?” అనుకోకండి. ఆపద వేళ ప్రయాణికులకు దారి చూపేది మీరే. మీ డ్యూటీ స్థలం, లైఫ్‌బోటు నంబరు, అలారం గుర్తులు మొదటి రోజే నేర్చుకోండి. ఇంగ్లీషులో చెప్పింది అర్థం కాకపోతే మళ్లీ అడగండి. అడగడం తప్పు కాదు, తెలియకుండా తల ఊపడం తప్పు.

4. పరిశుభ్రత మార్కులు

అమెరికా ఆరోగ్య శాఖలోని వ్యాధి నియంత్రణ కేంద్రం వారు ఓడలను ముందుగా చెప్పకుండా తనిఖీ చేసి 100కు మార్కులు వేస్తారు. 86 వస్తే పాస్, 85 లేదా అంతకు తక్కువ వస్తే ఫెయిల్. ఫలితాలు అందరూ చూసేలా ప్రకటిస్తారు. ఓడల్లో దీన్ని ‘యు.ఎస్.పి.హెచ్.’ అని పిలుచుకుంటారు.

వాంతులు, విరేచనాలు అయితే వెంటనే ఓడ డాక్టరుకు చెప్పండి. ఆహారం తాకే పని చేసేవారిని, లక్షణాలు పోయాక కనీసం 48 గంటల వరకు పనికి రానివ్వకూడదన్నది ఆ తనిఖీ నియమం. సూపర్‌వైజరు కోప్పడతాడని, టిప్పు పోతుందని జబ్బు దాస్తే ఒక్కరి నుంచి వందల మందికి పాకుతుంది.

5. విశ్రాంతి కూడా పనిలో భాగమే

ప్రయాణం ముగిశాక ప్రయాణికులు సేవ ఎలా ఉందో రాస్తారు. మీ సూపర్‌వైజరు కూడా మీ పని గురించి రాస్తాడు. తర్వాతి కాంట్రాక్టు, ప్రమోషన్ వీటిపై ఆధారపడతాయి. కొత్త ఓడలో తొలి వారాల్లో పని ఒత్తిడి ఎక్కువ కనుక, “నాలుగు రోజులు నిద్ర మానుకుంటే ఏం పోతుంది” అనిపిస్తుంది. కానీ నిద్ర లేని మనిషి చేతిలో కత్తి జారుతుంది, మాట దురుసవుతుంది, డ్రిల్లులో అలారం అర్థం కాదు. సేవ చెడేది అక్కడే.

ఎం.ఎల్.సి. ప్రకారం విశ్రాంతి లెక్క పాటించే ఓడల్లో ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏ 7 రోజుల్లోనైనా కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. రోజు విశ్రాంతిని రెండు భాగాలకు మించి విడగొట్టకూడదు, అందులో ఒకటి కనీసం 6 గంటలు ఉండాలి. ఈ లెక్కల కాపీ మీకు ఇవ్వాలి. చేయని విశ్రాంతి చేసినట్టు రాసిన కాగితం మీద సంతకం పెట్టవద్దు. చిన్న పుస్తకంలో మీ గంటలు మీరే రాసుకోండి.

6. కష్టం వస్తే

ముందుగా మీ విభాగం పెద్దకు, తర్వాత ఓడలోని సిబ్బంది అధికారికి, అవసరమైతే నేరుగా కెప్టెనుకు చెప్పండి. ఫిర్యాదు చేసినందుకు మిమ్మల్ని వేధించకూడదు. అమెరికా ఎం.ఎల్.సి.ని ఆమోదించలేదు. కాబట్టి జీతం, విశ్రాంతి విషయాల్లో ఓడ ఏ దేశం జెండా కింద ఉందో ఆ దేశానికి, మిమ్మల్ని పంపిన సంస్థకు, మన షిప్పింగ్ డైరెక్టరేట్‌కు రాయాలి. ఉదాహరణకు ఐకాన్ ఓడ జెండా బహామాస్‌ది, ఆ దేశం ఒప్పందాన్ని ఆమోదించింది.

ఫ్లోరిడా రేవుల్లో ఉన్నవారు అట్లాంటాలోని భారత కాన్సులేట్‌ను, సియాటిల్ వైపు ఉన్నవారు సియాటిల్ కాన్సులేట్‌ను సంప్రదించవచ్చు. పాస్‌పోర్టు పోతే ప్రయాణ పత్రం ఇవ్వడం, కంపెనీతో, మీ ఇంటివారితో మాట్లాడడం కాన్సులేట్ చేయగలదు. కోర్టులో మీ తరఫున వాదించలేదు.

ఇంటి వద్ద ఉంచవలసినవి: పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, సి.డి.సి. జిరాక్సులు, ఓడ పేరు, జెండా దేశం, మిమ్మల్ని పంపిన సంస్థ ఫోను నంబరు.

మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి: నన్ను పంపే సంస్థ లైసెన్సు నంబరు నేను స్వయంగా చూశానా? నా ఒప్పందంలో ఏముందో ఇంట్లోవాళ్లకు చెప్పగలనా? జబ్బు చేస్తే ఎవరికి చెప్పాలో తెలుసా? మూడింటికీ ‘అవును’ అని చెప్పగలిగినప్పుడే పెట్టె సర్దుకోండి.