ముందు కూలి, తరువాతే కానుక



మన విచారణలో ఫలానా వ్యాపారి మంచివాడని చెప్పుకునేటప్పుడు మనం ఏమి చూసి ఆ మాట అంటాం? గుడి పండుగకు అన్నదానం చేశాడని, గంట గోపురానికి చందా ఇచ్చాడని, మరియమాత గుహ కట్టించాడని అంటాం. ఇవన్నీ మంచి పనులే. అయితే ఆయన కొట్టులో కాటా వేసే కుర్రవాడిని, గోడౌనులో బస్తాలు మోసే కూలీని, లెక్కలు వ్రాసే గుమాస్తాను ఎప్పుడైనా అడిగి చూశామా? యజమాని నీతి మొదట తెలిసేది వారికే. వ్యాపారంలో నీతిగల నాయకుడంటే ఎవరో ఈ వారం పాఠంలో తెలుసుకుందాం.

పవిత్ర గ్రంథం ఏమి చెబుతుంది?

దేవుడు ఇశ్రాయేలు ప్రజలకు ఇచ్చిన ధర్మశాస్త్రంలో బలుల గురించి, పండుగల గురించే కాక తూకపు రాళ్ల గురించి కూడా ఉంది. త్రాసు, రాళ్లు, కొలపాత్రలు సరిగా ఉండాలని లేవీయకాండము 19వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. పేద కూలివాని కూలిని ఆనాటి ప్రొద్దు గ్రుంకక ముందే ఇచ్చివేయాలని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చెబుతుంది. ఎందుకంటే, అతడు ఆ కూలి మీదనే ఆశ పెట్టుకొని ఉంటాడు. పంట కోసినవారికి ఎగవేసిన కూలి దేవుని చెవిన పడుతుందని యాకోబు లేఖ 5వ అధ్యాయం ధనికులను హెచ్చరిస్తుంది.

జక్కయ సంగతి గుర్తు చేసుకోండి. యేసు ప్రభువు తన ఇంట అడుగుపెట్టిన రోజున అతడు ఆస్తిలో సగం పేదలకు ఇస్తానన్నాడు. అంతటితో ఆగలేదు. ఎవరినైనా మోసగించి ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానని కూడా అన్నాడు. దానం వేరు, బాకీ వేరు. దానం చేసినంత మాత్రాన బాకీ తీరదని జక్కయకు తెలుసు.

శ్రీసభ ఏమి బోధిస్తుంది?

1891లో 13వ లియో పోపుగారు 'రేరుమ్ నొవారుమ్' అనే విశ్వలేఖ వ్రాశారు. కూలివాడు ఒప్పుకున్నాడు గనుక ఎంత తక్కువ ఇచ్చినా న్యాయమే అనే వాదాన్ని ఆయన అంగీకరించలేదు. ఆకలికి భయపడి ఒప్పుకున్నవాని ఒప్పందం నిజమైన ఒప్పందం కాదు. పొదుపుగా జీవించే శ్రామికుని పోషణకు చాలినంత కూలి ఉండాలని ఆయన బోధించారు.

నూరేళ్ల తరువాత, 1991లో, రెండవ జాన్ పాల్ పోపుగారు మరొక విశ్వలేఖలో లాభం గురించి వివరించారు. లాభం పాపం కాదు. వ్యాపారం సక్రమంగా నడుస్తున్నదనడానికి అది ఒక గుర్తు. కాని అదొక్కటే గుర్తు కాదు. లెక్కలన్నీ సరిగా ఉండి, లాభం వస్తున్న చోట కూడా పనివారి గౌరవం మంటగలసి ఉండవచ్చు.

2012లో వాటికన్‌లోని న్యాయ, శాంతి మండలి వ్యాపార నాయకుల కోసం ఒక చిన్న పుస్తకం వెలువరించింది. అందులో వ్యాపారికి మూడు బాధ్యతలు చూపింది: మంచి సరకు, మంచి పని, మంచి సంపద. అమ్మే వస్తువు ప్రజలకు నిజంగా ఉపయోగపడాలి. చేయించే పని మనిషి గౌరవాన్ని కాపాడాలి. వచ్చిన సంపద న్యాయంగా వచ్చి, న్యాయంగా పంచబడాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా తక్కిన రెండూ దానిని పూడ్చలేవు.

ఒక గాజు ఫ్యాక్టరీ డైరెక్టరు

ఇదంతా పుస్తకాలలో బాగానే ఉంటుంది, ఆచరణలో సాధ్యమా అని మీరు అడగవచ్చు. అర్జెంటీనా దేశస్థుడైన ఎన్రీకే షా జీవితం దానికి జవాబు. ఆయన 1921లో పారిస్ నగరంలో సంపన్న కుటుంబంలో పుట్టారు. నౌకాదళంలో అధికారిగా పనిచేసి 1945లో ఆ ఉద్యోగం వదిలారు. తరువాత బ్యూనస్ ఎయిరీస్ సమీపంలోని ఒక పెద్ద గాజు సామాన్ల ఫ్యాక్టరీలో చేరి, డైరెక్టరు అయ్యారు. ఆయనకు తొమ్మిదిమంది పిల్లలు. 1952లో క్రైస్తవ వ్యాపార నాయకుల సంఘాన్ని స్థాపించారు.

ఆయన చివరి సంవత్సరాలలో ఫ్యాక్టరీకి గడ్డుకాలం వచ్చింది. పెట్టుబడి పెట్టిన విదేశీ యజమానులు 1,200 మంది కార్మికులను తొలగించాలనుకున్నారు. అప్పటికే ఎన్రీకే షాను క్యాన్సర్ పీడిస్తోంది. అయినా ఆయన ఊరుకోలేదు. ఎవరినీ తీసివేయకుండా ఆ కాలం గట్టెక్కే పథకం తయారుచేసి యజమానుల ముందు పెట్టారు. ఒక్కరిని తొలగించినా తాను రాజీనామా చేస్తానన్నారు. కార్మికుల ఉద్యోగాలు నిలిచాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆయన జాలి మాటలు చెప్పి ఊరుకోలేదు, పథకంతో వచ్చారు. తన కుర్చీని కూడా పందెంగా పెట్టారు. మంచి మనసుకు పని తెలివి తోడైతేనే పదిమందికి అన్నం నిలుస్తుంది.

జబ్బు ముదిరి ఆయనకు రక్తం ఎక్కించవలసి వచ్చినప్పుడు సుమారు 260 మంది కార్మికులు రక్తదానానికి ముందుకు వచ్చారు. తన నరాలలో ఇప్పుడు కార్మికుల రక్తం ప్రవహిస్తోందని ఆయన సంతోషించారు. 1962 ఆగస్టులో, 41 ఏళ్ల వయసులో ప్రభువు సన్నిధికి చేరారు. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్సిస్ పోపుగారు ఆయన సుగుణాలు వీరోచితమైనవని ప్రకటించారు. పునీత పట్టానికి వెళ్లే మార్గంలో అది ఒక మెట్టు.

హైదరాబాదు నేర్పిన పాఠం

ఇప్పుడు మన రాష్ట్రాలలో అందరికీ తెలిసిన ఒక ఉదాహరణ చూద్దాం. 1987లో హైదరాబాదులో స్థాపించబడిన సత్యం కంప్యూటర్స్ మన యువకులు ఎందరికో ఉద్యోగాలిచ్చింది. దాని అధిపతి రామలింగరాజు గ్రామాల సేవకు ఒక ఫౌండేషను పెట్టారు. 2005లో 108 అంబులెన్సు సేవ మొదలైంది కూడా ఆయన పూనికతోనే. ఆ అంబులెన్సుల వల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి.

కాని 2009 జనవరి 7న ఆయనే లేఖ వ్రాసి, కంపెనీ లెక్కలలో చూపిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఒప్పుకున్నారు. మొదట చిన్నదిగా ఉన్న తేడా ఏటేటా పెరిగి చివరకు దాచలేనంత అయింది. సుమారు 50 వేల మంది ఉద్యోగుల కుటుంబాలు రేపు ఏమవుతుందో తెలియక వణికిపోయాయి. వాటాలు కొన్నవారి సొమ్ము కరిగిపోయింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం ఆయనను, మరి 9 మందిని దోషులని తీర్పు చెప్పింది. వారు దానిపై అప్పీలు చేసుకున్నారు.

మనం ఎవరికీ తీర్పు తీర్చనక్కరలేదు. పాఠం మాత్రం నేర్చుకోవాలి. బయట చేసిన మేలు లోపలి లెక్కను సరిచేయలేదు. పెద్ద అబద్ధం ఒక్క రోజులో పుట్టదు. ఈ ఒక్కసారికి సర్దుదాం అన్న రోజున అది పుడుతుంది.

మన అంగడిలో, మన పనిలో

మాకు కంపెనీలు లేవు గదా అనుకోవద్దు. చిన్న కిరాణా కొట్టు, టైలరు షాపు, రొయ్యల చెరువు, తాపీ మేస్త్రీ కింద పదిమంది కూలీలు ఉన్నా నాయకత్వమే. ఇంట్లో పనిమనిషిని పెట్టుకున్న గృహిణి కూడా యజమానురాలే.

ధాన్యం కొనేటప్పుడు న్యాయమైన తేమ లెక్క దాటి తరుగు తీసేవాడు రైతు శ్రమను దొంగిలిస్తున్నాడు. పనివాని జీతంలో ప్రావిడెంట్ ఫండ్ కోసి దానిని జమకట్టని యజమాని అతని ముసలితనపు అన్నం తింటున్నాడు. నెల ముగిసిన 7 రోజులలోగా జీతం ఇవ్వాలని మన దేశ చట్టం చెబుతుంది. మన విచారణలు, సభలు నడిపే బడులకు, ఆసుపత్రులకు కూడా ఇదే కొలత. సేవ అనే పేరు చెప్పి టీచరమ్మకు, ఆయాకు చాలీచాలని జీతం ఇస్తే, ఆ సేవ ఖర్చు వారు భరిస్తున్నట్లే.

అందరూ అలాగే చేస్తున్నారు, మేమొక్కరమే నీతిగా ఉంటే నష్టపోతాం అని కొందరంటారు. నష్టం రావచ్చు. నీతికి ఖర్చు లేదని శ్రీసభ ఎన్నడూ చెప్పలేదు. నిజంగా జీతాలు ఇవ్వలేని రోజు వస్తే పనివారిని కూర్చోబెట్టి ఉన్న పరిస్థితి దాచకుండా చెప్పండి. వారి జీతం ఆపేముందు మీ ఇంటి ఖర్చు తగ్గించండి. ఎప్పటికి ఇస్తారో మాట ఇచ్చి, ఆ మాట నిలుపుకోండి. అలా చేసిన యజమానిని పనివారు కష్టకాలంలో విడిచిపెట్టరు.

కుటుంబంలో చర్చించుకొనుటకు

1. మన దగ్గర పనిచేసేవారికి ఈ నెల ఇవ్వవలసినది ఏమైనా నిలిచిపోయిందా?

2. మన లెక్కల పుస్తకం పిల్లల ముందు తెరిచి చూపగలమా?

3. మనం పనివారమైతే, జీతానికి తగిన పని నిజాయితీగా చేస్తున్నామా?

ఈ ఆదివారం కానుక పెట్టెలో వేసే డబ్బు తీసేముందు మొదటి ప్రశ్నకు జవాబు వెతకండి. బాకీ ఉంటే శనివారం సాయంత్రమే, ప్రొద్దు గ్రుంకక ముందు, వెళ్లి ఇచ్చి రండి. కార్మికుడైన పునీత జోజప్పగారు మనందరికొరకు ప్రార్థించుదురు గాక!