పూత వేసే ముందు టైరును చూడు

విజయవాడ

చి. సురేష్‌కు మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. గుంటూరులో కార్ల డిటైలింగ్ షాపులో పని నేర్చుకుంటున్నావని అక్క చెప్పినప్పుడే సంతోషించాను. ఇప్పుడు నువ్వడిగిన ప్రశ్న చూసి ఇంకా సంతోషమేసింది. "టైరుకు కొత్త పూత వెయ్యడం చిటికెలో పని, పాతది తియ్యడానికే చేతులు పడిపోతున్నాయి. పాతదాని మీదే ఇంకో పూత వేసేస్తే ఏం పోతుంది మామయ్యా?" అన్నావు. చాలా పోతుందిరా. దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ చూసుకోవాల్సిన సంగతి ఇది. అందుకే ఫోన్ చెయ్యకుండా వివరంగా రాస్తున్నాను.

ముందు టైరు అంటే ఏమిటో తెలియాలి. చెట్టు పాలతో చేసిన రబ్బరు, పెట్రోలియంతో చేసిన రబ్బరు, గంధకం, నూనెలు, కార్బన్ బ్లాక్ అనే మెత్తటి మసి, లోపల దారపు పొరలు, ఉక్కు తీగలు. ఇన్ని కలిస్తే టైరు. గంధకం కలిపి వేడి చేస్తే రబ్బరు ఎండకు జిగురులా కాకుండా, చలికి పెళుసెక్కకుండా నిలుస్తుందని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. తొలినాటి కారు టైర్లు తెల్లగా ఉండేవి. మసి కలపడం మొదలయ్యాకే నల్లబడ్డాయి. ఆ మసి రబ్బరును తొందరగా అరగనివ్వదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలను తనే మింగేస్తుంది.

ఎండ కంటే మొండి శత్రువు ఓజోన్. గాలిలో ఉండేది కొంచెమే అయినా, సాగి ఉన్న రబ్బరు దొరికితే దాని అణువుల గొలుసులను తెంపుతుంది. టైరు పక్కగోడ, అంటే సైడ్‌వాల్ మీద సన్నటి పగుళ్లు చాలావరకు అలా వచ్చేవే. అందుకే రబ్బరు తయారీలోనే మైనం, 6పిపిడి అనే రసాయనం కలుపుతారు. ఇవి లోపలి నుంచి మెల్లగా పైకి ఊరుతుంటాయి. మైనం పైన పొరలా పరుచుకుంటుంది. 6పిపిడి ఓజోన్‌కు ఎదురెళ్లి, తను ఖర్చైపోయి రబ్బరును కాపాడుతుంది. అలా ఖర్చైనప్పుడు గోధుమ రంగుకు తిరుగుతుంది. నువ్వు మురికి అనుకుంటున్న ఆ గోధుమ రంగులో కొంత, టైరు తనను తాను కాపాడుకున్న గుర్తు. బండి తిరుగుతూ టైరు నలుగుతుంటే ఈ మందు పైకి వస్తూనే ఉంటుంది. నెలల తరబడి కదలని కారు టైర్లు పెద్దగా తిరక్కపోయినా పగుళ్లు పట్టడానికి ఇదొక కారణం.

ఇంతవరకు అర్థమైతే రెండు విషయాలు నీకే తెలుస్తాయి. ఒకటి, మనం వేసే పూత టైరుకు తోడు మాత్రమే, అసలు కాపలా లోపలుంది. రెండు, ఘాటైన మందుతో వారం వారం తోమితే ఆ కాపలాను మనమే తోడేసినట్టు. మామూలుగా కడిగేటప్పుడు షాంపూ నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. పాత పూత మచ్చలు మచ్చలుగా మారినప్పుడో, వేరే రకం పూత వేసేటప్పుడో మాత్రమే మొత్తం తియ్యాలి.

నీ చేతికి వచ్చే పూతలు ముఖ్యంగా మూడు రకాలు. పాలలా తెల్లగా ఉండేది నీళ్లతో చేసిన డ్రెస్సింగ్. మెరుపు తక్కువ, రబ్బరుకు హాని తక్కువ. రోజువారీ పనికి నేను చెప్పేది ఇదే. రెండోది పెట్రోలియం సాల్వెంట్‌లో సిలికాన్ నూనె కలిపింది. అద్దంలా మెరుస్తుంది కానీ జిడ్డు, దుమ్మంతా దాని మీదే. మూడోది ఆరి గట్టిపడే కోటింగ్, నెలల తరబడి ఉంటుంది. ఇవి కాక, వాటర్ సర్వీసింగ్ చేసేచోట టైర్లకు డీజిలో, వాడేసిన ఇంజిన్ ఆయిలో రాసే అలవాటు మన దగ్గర ఉంది. ఆ పూటకు నిగనిగలాడతాయి. తర్వాత ఆ నూనె రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బించి మెత్తబరుస్తుంది. కారు యజమాని అడిగినా సరే, నీ చేత్తో ఆ పని చెయ్యకు.

ఇక పాతది ఎందుకు తియ్యాలంటే, పెచ్చులూడుతున్న సున్నం మీద రంగు వేస్తే ఏమవుతుందో మన పాతింటి గోడ మీద చూశావుగా. రంగు సున్నాన్ని పట్టుకుంటుంది, సున్నం గోడను పట్టుకోదు. టైరు మీదా అంతే. జిడ్డు మీద వేసిన కొత్త పూత రబ్బరును తాకదు. కారు వేగం అందుకోగానే చక్రం విసురుకు చుక్కలు చుక్కలుగా లేచి డోర్ల మీద పడుతుంది.

పని ఎలా చెయ్యాలో చెబుతాను. దూరం నుంచి వచ్చిన కారైతే చక్రాలు చల్లారనివ్వు. వేడి బ్రేక్ డిస్కు మీద చన్నీళ్లు కొట్టకూడదు. నీడలో పెట్టు. రోహిణి కార్తె ఎండలో మందు చల్లావంటే బ్రష్ అందుకునేలోపే ఎండిపోయి మరకలు కడుతుంది. ముందు నీళ్లతో మట్టి, ఇసుక పోగొట్టు. ప్రెజర్ వాషర్ మొనను సైడ్‌వాల్‌కు ఆనించి కొట్టకు. తర్వాత టైర్ క్లీనరో, ఆల్ పర్పస్ క్లీనరో తీసుకో. పాళ్లు డబ్బా మీద రాసి ఉంటాయి, అవే పాటించు. చేతులకు గ్లవ్స్ వేసుకో. రిమ్ములకు వాడే యాసిడ్ మందు, పెట్రోలు, కిరసనాయిలు టైరు దగ్గరికి రానివ్వకు.

ఒకసారికి ఒకే టైరు. మందు చల్లి, అర నిమిషం ఆగి, గట్టి నైలాన్ బ్రష్‌తో రుద్దు. ముందు టైరు చుట్టూ గుండ్రంగా, తర్వాత రిమ్ అంచు నుంచి బయటికి. అక్షరాల సందుల్లో, రిమ్‌ను ఆనుకున్న గాడిలో జిడ్డు దాక్కుంటుంది, అక్కడ చిన్న బ్రష్ వాడు. మొదటి నురుగు టీ డికాక్షన్ రంగులో కారుతుంది. కడిగి మళ్లీ చల్లు. రెండోసారి పల్చటి గోధుమ రంగు. నురుగు తెల్లగా వచ్చేదాకా అలా చేస్తూనే ఉండు. కంగారుపడి ఇనుప బ్రష్షో, గరుకు కాగితమో పట్టావంటే పూతతో పాటు రబ్బరు చర్మమూ లేచిపోతుంది. గట్టిపడిన కోటింగ్ ఒక్క కడుగుతో రాదు. రెండు మూడుసార్లు చేసినా కొన్నిచోట్ల మిగిలితే వదిలెయ్. అది వాడకంలో దానంతటదే అరిగిపోతుంది.

శుభ్రమైందో లేదో మూడు విధాలుగా తెలుస్తుంది. నీళ్లు పోస్తే ముత్యాల్లా నిలవకుండా పల్చగా పరుచుకోవాలి. తెల్ల గుడ్డ తడిపి తుడిస్తే గోధుమ మరక అంటకూడదు. ఆరాక టైరంతా ఒకే రకం మసక నలుపులో ఉండాలి. కొత్త టైరైనా కడగాల్సిందే. అచ్చు నుంచి తేలిగ్గా ఊడిరావడానికి ఫ్యాక్టరీలో వాడే పదార్థం దాని మీద మిగిలి ఉంటుంది.

ఇప్పుడు అసలు మాట. ఈ ఉత్తరం రాసింది దీనికోసమే. టైరు ఏ ముసుగూ లేకుండా కనిపించేది ఈ కాసేపే. వెంటనే పూత డబ్బా అందుకోకు. టార్చి పట్టుకుని కింద కూర్చో. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలు చూడు. 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైందని. అంకెలు ఒకవైపే ఉండొచ్చు, బయట కనపడకపోతే లోపలివైపు వెతుకు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు టైర్ల లోపలి గోడ కనిపిస్తుంది. పగుళ్లున్నాయా, పైపైనేనా, గోరు దిగేంత లోతా? అరచేయి ఆనించి టైరు చుట్టూ నిమురు. ఎక్కడైనా ఉబ్బు తగిలితే గోతిలో పడి లోపలి దారాలు తెగాయన్నమాట. ఆ టైరు హైవే ఎక్కకూడదు. ట్రెడ్ గాడుల అడుగున చిన్న దిమ్మెలుంటాయి. ట్రెడ్ అరిగి వాటితో సమానమైతే 1.6 మి.మీ. మాత్రమే మిగిలినట్టు, టైరు మార్చాల్సిందే. అరుగుదల ఒకవైపే ఉంటే అలైన్‌మెంట్ చూపించమని చెప్పు. వాల్వ్ రబ్బరును కూడా వంచి పగుళ్లున్నాయేమో చూడు.

కనపడింది కారాయనకు చూపించి చెప్పు. మొహమాటపడకు. పిల్లాపాపలతో తిరుపతి బయల్దేరే మనిషికి మెరిసే టైరు కంటే ఆ ఒక్క మాట ముఖ్యం. పాత కార్లు అమ్మేవాళ్లు కొందరు పగుళ్లు కనపడకుండా దట్టంగా పూసి పంపమంటారు. ఆ పని ఎంతిచ్చినా చెయ్యకు. లోపం దాచే పూత రక్షణ కాదు, మోసం.

టైరు బాగుంటే పూత వెయ్యి. అక్షరాల సందుల్లో కూడా తడి లేకుండా ఆరాలి. పూత మందును నేరుగా టైరు మీద స్ప్రే చెయ్యకు, అది బ్రేక్ డిస్కు మీద పడితే బ్రేకు పట్టదు. స్పాంజి మీద కొద్దిగా వేసుకుని సైడ్‌వాల్‌కు మాత్రమే పల్చగా రాయి. రోడ్డును తాకే చోట చుక్క కూడా పడకూడదు. పది నిమిషాలాగి మైక్రోఫైబర్ గుడ్డతో మిగులంతా తుడిచెయ్. ఇంకాస్త నలుపు కావాలంటే మరో పల్చటి పూత వెయ్యి, దట్టంగా ఒకేసారి వద్దు. గట్టిపడే కోటింగైతే డబ్బా మీద చెప్పినంతసేపు, మామూలుగా ఒక రోజు, తడి తగలనివ్వకు. మోటారు సైకిల్ టైరుకు మాత్రం ఏ పూతా వద్దు. మలుపులో బండి వాలినప్పుడు టైరు అంచే రోడ్డును పట్టుకోవాలి.

ఇంకొకటి. ఆ గోధుమ నీళ్లను నేరుగా కాలవలోకి వదలొద్దు. 6పిపిడి ఓజోన్‌తో కలిస్తే పుట్టే పదార్థమే అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు వాగుల్లో కోహో సాల్మన్ చేపలను చంపుతోందని 2020లో శాస్త్రవేత్తలు తేల్చారు. అక్కడ ముఖ్యంగా అరిగిన టైర్ల పొడి వాన నీటితో కొట్టుకుపోయి వాగుల్లో కలుస్తోంది. మన కడుగు నీళ్లలో క్లీనరూ జిడ్డూ కూడా ఉంటాయి. మీ షాపులో నూనె వేరుచేసే గుంట ఉంటే నీళ్లు అందులోకే వెళ్లేలా చూడు. లేకపోతే కట్టించమని మీ ఓనరుకు మర్యాదగా చెప్పు.

వచ్చే ఆదివారం మీ నాన్న కారు నాలుగు టైర్లతో పాటు స్టెప్నీ కూడా ఇలాగే చెయ్యి. ఒక్కో టైరు తయారీ వారం, పగుళ్లు, మిగిలిన గాడి లోతు ఒక పుస్తకంలో రాసి, ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపు. ఏ టైరు ఉంచాలో, ఏది మార్చాలో ముందు నీ నిర్ణయం రాయి, తర్వాత నా మాట చెబుతాను.

అక్కకూ బావగారికీ నా నమస్కారాలు.

ఇట్లు,
మీ మామయ్య