బదిలీకి ముందు కాగితాల సంచి

నాన్నగారికి బదిలీ ఉత్తర్వు రాగానే మేము ముందుగా కాగితాల సంచి సర్దుకుంటాము. ఏప్రిల్‌లో కొత్త తరగతి మొదలయ్యేలోగా పాత బడి నుంచి టీసీ, మార్కుల పట్టిక తీసుకుంటాము. జనన ధ్రువపత్రం, ఆధార్, బదిలీ ఉత్తర్వు నకళ్ళు జతచేస్తాము.

తరువాత అన్నిటిలో పేరు ఒకేలా ఉందా అని అక్షరం అక్షరం సరిచూస్తాము. తెలుగువాళ్ళం ఇంటిపేరు ముందు రాస్తాము. చాలా దరఖాస్తుల్లో చివర రాయమంటారు. ఒకచోట పొడి అక్షరం, మరోచోట పూర్తి ఇంటిపేరు ఉంటే ఒక్కరమే ఇద్దరమైపోతాము! మాలో ఒకరు ఇందుకే రెండు వారాలు ఆఫీసు గది చుట్టూ తిరిగారు.

తొమ్మిదో తరగతిలో సీబీఎస్‌ఈ నమోదు బడి రికార్డులోని పేరుతోనే జరుగుతుంది. పదో తరగతి ధ్రువపత్రంలోనూ అదే వస్తుంది. అందుకే తప్పుంటే టీసీ రాయకముందే దిద్దించుకుందాం. అసలు కాగితాలు అమ్మ చేతిసంచిలోనే ఉండాలి. సామాన్ల లారీలో వేయకూడదు.