చుట్ట కాలు తీరు – చేనికి పాఠము

గోదావరి లంకల పొగాకు చుట్టలకు ప్రసిద్ధి. చుట్ట ఎంత చవుకదైనను, నిప్పంటించిన పిమ్మట దాని గుణము దాగదు. కాలని ఆకును వ్యాపారి ఒకసారి కొన్నను మరల కొనడు. కనుక ఈ పరీక్ష రైతుకును తెలిసియుండవలెను.

ముందు చుట్టను వ్రేళ్లతో మెల్లగా నొక్కి చూడవలెను. ఒకచోట గట్టిగా, ఒకచోట డొల్లగా ఉన్నచో అది చుట్టినవారి లోపము. మరీ బిగువైనచో పొగ రాదు. మరీ వదులైనచో త్వరగా కాలి ఘాటెక్కును.

నిప్పు చుట్టును సమముగా ప్రాకవలెను. కొంతసేపు పీల్చకున్నను ఆరరాదు. బూడిద లేతరంగుననుండి, వెంటనే రాలక నిలుచుట మంచి గుర్తు. చక్కగా చుట్టిన, చెమ్మలేని చుట్ట మాటిమాటికి ఆరి నల్లని బొగ్గు మిగిల్చినచో లోపము ఆకులోనే కలదు.

కారణమేమి? ఆకులోని పొటాషు నిప్పును నిలుపును, క్లోరైడు ఆర్పును. క్లోరైడు 2 శాతము మించిన ఆకు సరిగా కాలదు. ఇది ఉప్పునీటి బావుల నుండియు, మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఎరువు నుండియు ఆకులో చేరును. అందుచే నాటుటకు ముందే బావినీటిని పరీక్ష చేయించవలెను. పొటాషును సల్ఫేటు రూపముననే వేయవలెను.

ఇందుకు పొగ త్రాగనక్కరలేదు. పొగాకు కాన్సరు కలిగించును. ఉత్తరాంధ్ర తీరమున నిప్పుకొనను నోటిలో ఉంచి చుట్ట కాల్చు స్త్రీలకు అంగిటి కాన్సరు వచ్చుట వైద్యులెరిగినదే. ఎండిన ఆకుకు కాలుచున్న అగరువత్తిని తాకించి తీసి, నిప్పు ఎన్ని సెకండ్లు నిలుచునో లెక్కించవలెను. ఒక్కొక్క మడి ఆకును విడిగా చూచినచో, ఏ మడికి నీరో ఎరువో చెరుపు చేసినది ఆకే చెప్పును.